స్క్రిప్ట్ 12 నిమిషాలు నడుస్తుంది: ఎంతవరకు అయిందో బ్రౌజర్‌లో చూపించేదెలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక హోల్‌సేల్ ఆఫీసుకు పీహెచ్‌పీలో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాశారు. నెలాఖరున ఒక బటన్ నొక్కితే 3,800 షాపులకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లు తయారై మెయిల్‌లో వెళ్లాలి. 12 నిమిషాల పని. మీ లాప్‌టాప్‌లో ఒక్కో లైను ఎకో (ప్రింట్) చేసి, దాన్ని వెంటనే బ్రౌజర్‌కి తోసే ఫ్లష్ కొడితే లైన్లు ఒక్కొక్కటిగా కనిపించాయి. సర్వర్ మీద పెట్టాక మాత్రం తెల్ల పేజీ, నిమిషం తర్వాత 504, అంటే జవాబు టైమ్‌కి రాలేదనే ఎర్రర్. అకౌంటెంట్ గారు మళ్లీ నొక్కారు, కొన్ని షాపులకు రెండేసి మెయిళ్లు వెళ్లాయి. సర్వర్‌లో ఫ్లష్‌ని పని చేయించడం ఎలా అన్నది మీ ప్రశ్న.

నా జవాబు: ఫ్లష్‌తో కుస్తీ ఆపేయండి. పనిని బ్రౌజర్ నుంచి విడదీయండి. బటన్ నొక్కగానే డేటాబేస్‌లో ‘ఈ పని చేయాలి’ అని ఒక రో (టేబుల్‌లో ఒక వరుస) రాసి, ఆ పని నంబరు బ్రౌజర్‌కి ఇచ్చి, రిక్వెస్ట్‌ని అక్కడితో ముగించేయండి. అసలు పనిని వెనకాల కమాండ్ లైన్‌లో నడిచే వేరే స్క్రిప్ట్ చేస్తుంది. చేస్తూ చేస్తూ ఎంతవరకు వచ్చిందో అదే రోలో రాస్తూ ఉంటుంది. బ్రౌజర్ రెండు సెకన్లకోసారి ఆ రో అడిగి చూపిస్తుంది. మీ పనికి ఇంతకు మించి అక్కర్లేదు. బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య లైను ఎప్పుడూ తెరిచి ఉంచే వెబ్‌సాకెట్లు అసలే వద్దు.

నేను 17 ఏళ్లుగా గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని కమీషన్ కొట్లకు, కోల్డ్ స్టోరేజీలకు ప్రోగ్రాములు రాస్తున్నాను. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు ఈ విషయం చెప్పాల్సి వస్తే ముందు మిర్చి యార్డుకి తీసుకెళ్తాను. కాటా దగ్గర ఒక పావుగంట నిలబడమంటాను. హమాలీలు టిక్కీని (మిర్చి బస్తాని) కాటా మీద పెడతారు, గుమస్తా తూకం చూసి చీటీ మీద వేస్తాడు, టిక్కీ దిగుతుంది, ఇంకోటి ఎక్కుతుంది. రైతు మధ్యలో టీకి వెళ్తాడు. అతను వెళ్లాడని కాటా ఆగదు. తిరిగొచ్చి చీటీ వైపు ఒకసారి చూస్తే 62 టిక్కీల్లో 41 తూగాయని తెలిసిపోతుంది. కొడుకు ఊరి నుంచి ఫోన్ చేసి అడిగినా అదే చీటీ చూసి చెప్తాడు.

మీ పాత పద్ధతిలో చీటీ లేదు. తూకం వేసినప్పుడల్లా గుమస్తా రైతు చెవిలో కేక వేస్తున్నాడు. రైతు పక్కకి వెళ్తే ఆ కేక గాల్లో కలిసిపోతుంది. డేటాబేస్‌లో ఆ ఒక్క రో మీ చీటీ.

ఫ్లష్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి, లేకపోతే మళ్లీ దాని దగ్గరికే వెళ్తారు. మీ లాప్‌టాప్‌లో బ్రౌజర్‌కీ పీహెచ్‌పీకీ మధ్య అపాచీ ఒక్కటే ఉంది. సర్వర్‌లో మీ ఎకో ఎన్ని గడపలు దాటాలో చూడండి. మొదట పీహెచ్‌పీ సొంత బఫర్ (పంపేముందు పోగేసుకునే చోటు), మామూలుగా వచ్చే సెట్టింగుల ఫైల్లో 4,096 బైట్లు. అది దాటితే ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ బఫర్. జీజిప్ (పంపే డేటాని కుదించేది) ఆన్‌లో ఉంటే అది కూడా కొంత పోగేసుకుని గానీ వదలదు. ముందు సీడీఎన్ (సైటుకీ జనానికీ మధ్య నిలబడే సర్వర్లు) పెట్టి ఉంటే అదొకటి. ఎక్స్-యాక్సెల్-బఫరింగ్ అనే హెడర్‌లో ‘నో’ అని పంపితే ఎన్‌జిన్‌ఎక్స్ ఆ జవాబుకి బఫర్ చేయడం మానేస్తుంది, నిజమే. కానీ రేపు క్లయింట్ హోస్టింగ్ మార్చితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

మీకు కనిపించిన 504 కూడా అక్కడిదే అయ్యుండాలి. పీహెచ్‌పీ నుంచి 60 సెకన్ల పాటు ఏమీ రాకపోతే ఎన్‌జిన్‌ఎక్స్ ఆశ వదులుకుని 504 ఇచ్చేస్తుంది. ఆ 60 సెకన్లు మొత్తం పనికి పెట్టిన గడువు కాదు, రెండుసార్లు డేటా అందడానికి మధ్య ఉండే ఎడం. చాలామంది ఇక్కడ పొరబడి పీహెచ్‌పీ మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్‌ని (స్క్రిప్ట్ ఎన్ని సెకన్లు నడవొచ్చో చెప్పే సెట్టింగ్) 30 నుంచి 3,000కి పెంచుతారు, 504 మాత్రం పోదు. రెండూ వేరువేరు గడియారాలు. పైగా లినక్స్‌లో ఆ 30 సెకన్లు స్క్రిప్ట్ సొంతంగా నడిచిన సమయమే, డేటాబేస్ జవాబు కోసం ఆగిన సమయం అందులోకి రాదు.

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. 504 వచ్చిందంటే పని ఆగిందని కాదు. ఏమీ ప్రింట్ చేయని, లేదా ప్రింట్ చేసింది బఫర్‌లోనే ఉండిపోయిన స్క్రిప్ట్‌కి అవతల మనిషి వెళ్లిపోయాడని తెలియదు. అది వెనకాల నడుస్తూనే ఉంటుంది. మీ అకౌంటెంట్ రెండోసారి నొక్కినప్పుడు మొదటిది ఇంకా మెయిళ్లు పంపుతూనే ఉంది, రెండు కాపీలు పక్కపక్కనే నడిచాయి. ఆయన తప్పేమీ లేదు, తెర మీద ‘ఎర్రర్’ అని కనిపిస్తే ఎవరైనా అదే చేస్తారు.

పోనీ ఫ్లష్ బ్రహ్మాండంగా పని చేసిందే అనుకోండి. అప్పుడు దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. ట్యాబ్ మూసేస్తే, నెట్ పోతే, తర్వాతి ఎకో దగ్గర పీహెచ్‌పీ కనెక్షన్ తెగిందని గుర్తించి స్క్రిప్ట్‌ని అక్కడికక్కడే చంపేస్తుంది. 3,800లో 1,912 దగ్గర ఆగిపోతే ఎవరికి వెళ్లాయి, ఎవరికి వెళ్లలేదు? మనిషి వెళ్లిపోయినా ఆగొద్దని చెప్పే ఇగ్నోర్ యూజర్ అబార్ట్ పెడితే చావదు, కానీ తిరిగొచ్చిన మనిషికి చూపించడానికి ఏమీ ఉండదు.

ఇక కట్టే పని. టేబుల్‌లో ఇవి పెట్టండి: పని నంబరు, పని రకం, ఏ నెలకి, స్థితి, మొత్తం ఎన్ని, అయినవి ఎన్ని, ఫెయిలైనవి ఎన్ని, ఒక చిన్న సందేశం, మొదలైన టైమ్, చివరిసారి కదిలిన టైమ్. పని రకం, నెల కలిపి యూనిక్ ఇండెక్స్ వేయండి, అంటే ఆ రెండూ ఒకటే అయిన రెండో రోని డేటాబేస్ ఒప్పుకోదు. రెండోసారి బటన్ నొక్కినప్పుడు కొత్త రో పడదు, ఉన్న పని నంబరే తీసి ఇవ్వండి, మనిషి అదే ప్రోగ్రెస్ పేజీకి వెళ్తాడు. బటన్‌ని జావాస్క్రిప్ట్‌తో డిజేబుల్ చేశాను కదా అని దీన్ని వదిలేయకండి, పక్క సిస్టమ్ నుంచి ఇంకొకరు నొక్కితే ఆ డిజేబుల్ పనికిరాదు.

నాకిది 2014లో బాగా దెబ్బ కొట్టి నేర్పిన పాఠం. ఒక కోల్డ్ స్టోరేజీలో సీజన్ చివర అద్దె బిల్లులు వేసే స్క్రిప్ట్ నాది. ఆఫీసులో ఒకరు, గేటు దగ్గర కాటా గదిలో ఒకరు, ఇద్దరూ ఐదు నిమిషాల తేడాతో నొక్కారు. ప్రతి రైతుకీ రెండు బిల్లులు. సరుకు తీసుకెళ్లడానికి ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ రెండు కాగితాలు పట్టుకుని కౌంటర్ దగ్గర గంటన్నర నిలబడ్డారు. ఏది నిజమైన బాకీయో ఆయనకు చెప్పలేక ఆ గుమస్తా పడిన టెన్షన్ నేను పక్కనే ఉండి చూశాను. ఆ రోజు నుంచి యూనిక్ ఇండెక్స్ లేకుండా ఏ పనీ మొదలుపెట్టలేదు.

షాపు స్థాయిలో కూడా ఇలాంటి కాపలా కావాలి. నెల, షాపు కలిపి ‘పంపాం’ అనే ఇంకో టేబుల్ పెట్టి, మెయిల్ వెళ్లగానే గుర్తు వేయండి. వర్కర్ (వెనకాల నడిచే ఆ స్క్రిప్ట్) మధ్యలో పడిపోయి మళ్లీ లేస్తే గుర్తు ఉన్నవాళ్లను దాటి ముందుకు పోతుంది. మెయిల్ వెళ్లాక, గుర్తు పడేలోపు పడిపోతే ఒక్క షాపుకి రెండోసారి వెళ్లొచ్చు. ఒక్కటి ఫర్వాలేదు, 1,900 కాకూడదు.

వర్కర్‌ని లేపడం ఎలా? మీది షేర్డ్ హోస్టింగ్ అయితే చెప్పిన టైమ్‌కల్లా స్క్రిప్ట్‌ని లేపే క్రాన్ చాలు. నిమిషానికోసారి స్క్రిప్ట్ లేచి, ‘వేచి ఉంది’ అన్న పని ఉందా అని చూస్తుంది. బటన్ నొక్కాక మొదలవడానికి నిమిషం దాకా పట్టొచ్చు, కాబట్టి పేజీలో ‘వరుసలో ఉంది, నిమిషంలోపు మొదలవుతుంది’ అని రాయండి. ఈ ఒక్క వాక్యం రాయకపోతే మళ్లీ ఫోన్లు వస్తాయి. సొంత సర్వర్ అయితే లినక్స్‌లో ప్రోగ్రాములను నడుపుతూ ఉంచే సిస్టమ్‌డీ కింద ఎప్పుడూ నడిచే వర్కర్ పెట్టుకోండి, ఆ నిమిషం కూడా మిగులుతుంది. కమాండ్ లైన్‌లో పీహెచ్‌పీకి టైమ్ లిమిట్ మామూలుగానే ఉండదు. ఎగ్జెక్ ఫంక్షన్‌తో బటన్ నుంచే వెనకాల లేపేవాళ్లూ ఉన్నారు. చాలా హోస్టింగుల్లో దాన్ని మూసేస్తారు, ఉన్నచోట కూడా అవుట్‌పుట్‌ని పక్కకు మళ్లించకపోతే పేజీ అది ముగిసేదాకా ఆగే ఉంటుంది. నేను వాడను.

రెండు వర్కర్లు ఒకే పనిని ఎత్తుకోకుండా చూడాలి. ‘స్థితి వేచి ఉంది అయితేనే నడుస్తోంది అని మార్చు’ అని ఒకే అప్‌డేట్‌లో రాసి, ఎన్ని రోలు మారాయో చూడండి. ఒకటి మారితే పని మీది. సున్నా అయితే ఇంకొకరు అందుకున్నారు, వెనక్కి వచ్చేయండి.

ప్రతి షాపుకీ ప్రోగ్రెస్ రాయక్కర్లేదు. సెకనుకోసారి రాస్తే చాలు, కళ్లు అంతకంటే వేగంగా చదవవు. ఒకసారి 2 లక్షల రోల ఇంపోర్ట్‌కి ప్రతి రో దగ్గరా ప్రోగ్రెస్ రాసిన కోడ్ నా దగ్గరికి వచ్చింది. పని కంటే పని లెక్క రాయడానికే ఎక్కువ సేపు పడుతోంది.

ఇప్పుడు రెండు గోతులు చెప్తాను. ఈ పద్ధతి మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది వీటిలో ఒకదాంట్లో పడతారు.

మొదటిది సెషన్ లాక్. పీహెచ్‌పీ సెషన్లు (లాగిన్ అయిన మనిషిని గుర్తుంచుకునే డేటా) మామూలుగా ఫైళ్లలో ఉంటాయి. ఒక రిక్వెస్ట్ సెషన్ స్టార్ట్ అనగానే ఆ ఫైలుకి తాళం పడుతుంది, ఆ రిక్వెస్ట్ ముగిసేదాకా అదే మనిషి పంపే మిగతా రిక్వెస్టులన్నీ గుమ్మంలో నిలబడాల్సిందే. పనిని విడదీయకుండా, పెద్ద స్క్రిప్ట్‌ని ఒక ఏజాక్స్ కాల్‌తో (పేజీ మారకుండా వెనకాల పంపే రిక్వెస్ట్) నడిపించి ఇంకో కాల్‌తో ప్రోగ్రెస్ అడిగేవాళ్లకు ఇదే జరుగుతుంది. 12 నిమిషాలూ ప్రోగ్రెస్ కదలదు, చివర్లో జవాబులన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. ‘నా మెషీన్‌లో వేరే బ్రౌజర్ నుంచి చూస్తే పని చేస్తోంది, ఇందులో చేయట్లేదు’ అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది దీని గురించే. లాగిన్ చూసుకున్న వెంటనే సెషన్ రైట్ క్లోజ్ పిలవండి, తాళం వదిలేస్తుంది.

రెండోది ట్రాన్సాక్షన్. ఇది నాకు జరిగింది. మే నెల మధ్యాహ్నం, యార్డుకి వేసవి సెలవులు, స్టోరేజీ ఆఫీసులో నిల్వల లెక్క తేల్చే స్క్రిప్ట్ మొదటిసారి నడుపుతున్నాం. బార్ 0 దగ్గర ఉంది. గుమస్తా కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు, చూపుడు వేలు ఎఫ్5 మీద పెట్టి నా వైపు చూస్తున్నాడు. రెండు నిమిషాలు, నాలుగు, తొమ్మిది. 0. ఒక్కసారిగా 100. పని సరిగ్గానే అయింది, లెక్కలన్నీ కలిశాయి. కానీ ఆ తొమ్మిది నిమిషాలు ఆ మనిషి కంటికి ప్రోగ్రామ్ చచ్చిపోయినట్టే ఉంది. కారణం ఏమిటంటే, నేను మొత్తం పనిని ఒకే ట్రాన్సాక్షన్‌లో (మార్పులన్నీ చివర్లో ఒకేసారి ఖాయమయ్యే మూట) చుట్టాను, ప్రోగ్రెస్ రాసే అప్‌డేట్ కూడా ఆ కనెక్షన్ మీదే వెళ్లింది. కమిట్ అయ్యేదాకా, అంటే ఆ మూట ఖాయమయ్యేదాకా, ఆ అంకెలు బయటివాళ్లకు కనిపించవు. గుమస్తా చీటీ రాస్తూనే ఉన్నాడు, కానీ జేబులో పెట్టుకుని రాస్తున్నాడు. ప్రోగ్రెస్‌కి డేటాబేస్ కనెక్షన్ వేరేది తెరవండి, లేదా పనిని 100 షాపుల చొప్పున కమిట్ చేస్తూ వెళ్లండి. రెడిస్ (మెమరీలో నడిచే డేటా స్టోర్) ఉంటే అందులో రాసినా సరే.

బ్రౌజర్ వైపు చేయాల్సింది కొంచెమే. జవాబు వచ్చాక రెండు సెకన్లు ఆగి మళ్లీ అడగండి. జవాబు వచ్చిందో లేదో చూడకుండా అడుగుతూ పోయే సెట్ ఇంటర్వెల్ వాడితే సర్వర్ నెమ్మదించినప్పుడు రిక్వెస్టులు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఒక్కసారే మోగే సెట్ టైమౌట్ వాడండి. బ్రౌజర్ పాత జవాబు దాచుకోకుండా, జవాబుకి క్యాష్ కంట్రోల్ నో-స్టోర్ పెట్టండి. పని నంబరు పేజీ అడ్రస్‌లోనే ఉండాలి, అప్పుడు నెట్ పోయి వచ్చినా, ఫోన్లో తెరిచినా, పక్క ఆఫీసు వాళ్లకి లింక్ పంపినా అందరికీ ఒకే అంకె కనిపిస్తుంది. ట్యాబ్ వెనక్కి వెళ్తే బ్రౌజర్లు టైమర్లను బాగా నెమ్మదిగా నడుపుతాయి, క్రోమ్ అయితే కాసేపటికి నిమిషానికోసారికి తెస్తుంది. కాబట్టి ట్యాబ్ మళ్లీ ముందుకు రాగానే వెంటనే ఒకసారి అడిగేలా రాయండి. ఇలా పదిమంది చూస్తున్నా సెకనుకి ఐదు చిన్న ప్రశ్నలే, ప్రైమరీ కీ (ఇక్కడ పని నంబరు) మీద ఒక్క రో చదవడం డేటాబేస్‌కి లెక్కలోది కాదు.

సర్వరే బ్రౌజర్‌కి కబుర్లు పంపుతూ ఉండే సర్వర్ సెంట్ ఈవెంట్స్ వాడమని మీకు ఇంకెవరో చెప్పారని రాశారు. మంచి వస్తువే. ఈవెంట్ సోర్స్ అనే రెండు లైన్ల జావాస్క్రిప్ట్, కనెక్షన్ తెగితే తనే మళ్లీ కలుపుకుంటుంది. కానీ పీహెచ్‌పీలో ప్రతి చూపరికీ పేజీలు అందించే ప్రాసెస్ ఒకటి పూర్తిగా అంకితమైపోతుంది. ఆ ప్రాసెస్‌లను నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్ ఇన్‌స్టాల్ చేయగానే వచ్చే సెట్టింగ్‌లో వాటి గరిష్ఠ సంఖ్య 5. ఐదుగురు ప్రోగ్రెస్ పేజీ తెరుచుకుని కూర్చుంటే ఆరో మనిషికి మొత్తం సైటే తెరుచుకోదు, బిల్లు కొట్టే కౌంటర్‌తో సహా. పైగా పాత హెచ్‌టీటీపీ 1.1 అయితే బ్రౌజర్ ఒక డొమైన్‌కి ఆరు కనెక్షన్లే ఇస్తుంది, ట్యాబులు ఎక్కువ తెరిస్తే అక్కడా ఇరుకే. సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ లాంటివాటిలో ఈ ఇబ్బంది తక్కువ, అక్కడైతే నేనూ వాడతాను. వాడితే మాత్రం చివర్లో ‘అయిపోయింది’ అని ఒక ఈవెంట్ పంపి బ్రౌజర్ వైపు క్లోజ్ పిలవండి. లేదంటే పని అయిపోయాక కూడా కొన్ని సెకన్లకోసారి వచ్చి తలుపు కొడుతూనే ఉంటుంది.

లారావెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ వాడుతున్నట్టయితే ఇందులో సగం తయారుగా దొరుకుతుంది, బ్యాచ్‌లో పెట్టిన పనుల శాతం అదే చెప్తుంది. కానీ 12 నిమిషాల పనిని ఒకే జాబ్‌గా పెట్టకండి. మామూలు సెట్టింగుల్లో వర్కర్ 60 సెకన్లకు జాబ్‌ని చంపేస్తుంది. ఆ గడువు పెంచి, రిట్రై ఆఫ్టర్ అనే 90 సెకన్ల అంకెను మర్చిపోతే, నడుస్తున్న జాబ్‌నే ఇంకో వర్కర్ మళ్లీ ఎత్తుకుంటుంది. మళ్లీ రెండేసి మెయిళ్లు. షాపుకో జాబ్ చేసి బ్యాచ్ కట్టండి.

చివరగా, నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న సంగతి. అంకె నిజం చెప్పాలి. పని ఎంతవరకు వచ్చిందో తెలిపే బార్లంటే జనానికి ఇష్టమని బ్రాడ్ మయర్స్ అనే పరిశోధకుడు 1985లోనే పరిశోధన చేసి చూపించారు. దాన్ని అడ్డం పెట్టుకుని టైమర్‌తో ఉత్తినే కదిలే బార్లు పెట్టేవాళ్లున్నారు. 90 దాకా పరుగెత్తి అక్కడ నిలబడిపోతుంది. విజయవాడ వచ్చేశామని సామాన్లు దించుకుని తలుపు దగ్గరికి వచ్చాక ఔటర్‌లో రైలు ఆగితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. రైలు ఆలస్యం కంటే, ఎందుకు ఆగిందో, ఎంతసేపో ఎవరూ చెప్పకపోవడమే ఎక్కువ బాధ.

మీ పనిలో రెండు అంచెలున్నాయి: పీడీఎఫ్‌లు చేయడం, మెయిళ్లు పంపడం. రెండిటికీ కలిపి ఒక శాతం వేయకండి. ‘పీడీఎఫ్‌లు 3,800లో 1,240’, ఆ తర్వాత ‘మెయిళ్లు 3,800లో 310’ అని అంకెల్లో చూపండి, కింద ఇప్పుడు ఏ షాపు నడుస్తోందో పేరు వేయండి. కదులుతున్న పేరు చూస్తే మనిషికి వచ్చే ధైర్యం శాతంతో రాదు. మొత్తం ఎంతో ముందే తెలియని పనైతే అసలు శాతమే వద్దు, అయినవి ఎన్నో చెప్పండి. హెచ్‌టీఎమ్ఎల్ ప్రోగ్రెస్ ట్యాగ్‌కి విలువ ఇవ్వకపోతే అదే అటూ ఇటూ కదిలే బార్ అవుతుంది. మిగిలిన టైమ్ చూపించాలంటే గత నిమిషం వేగాన్ని బట్టి లెక్కేసి ‘సుమారు 4 నిమిషాలు’ అనండి. ‘3 నిమిషాల 47 సెకన్లు’ అంటే ఆ 47 నమ్ముకుని కూర్చుంటారు.

పని చచ్చిపోతే అదీ చెప్పాలి. చివరిసారి కదిలిన టైమ్ టేబుల్‌లో పెట్టమన్నది ఇందుకే. స్థితి ‘నడుస్తోంది’ అని ఉండి రెండు నిమిషాలుగా కదలిక లేకపోతే పేజీలో ‘ఆగిపోయినట్టుంది, 1,912 దాకా అయ్యాయి’ అని రాసి, ‘మిగతావి కొనసాగించు’ బటన్ ఇవ్వండి. అలాగే 3,791 వెళ్లి 9 ఫెయిలైతే ‘పూర్తయింది’ అని పచ్చరంగు వేసి వదిలేయకండి. ఆ 9 షాపుల పేర్లు, ఒక్కోదానికి కారణం, పక్కనే ‘ఈ తొమ్మిదీ మళ్లీ పంపు’. మీ అకౌంటెంట్ గారికి నెలాఖరున కావాల్సింది ఆ తొమ్మిది పేర్లే.

రేపు ఆఫీసుకి వెళ్లగానే యూనిక్ ఇండెక్స్, ‘పంపాం’ టేబుల్ ముందు పెట్టేయండి, గంట పని, ఈ నెలాఖరుకి రెండేసి మెయిళ్లు ఆగుతాయి. బార్ సంగతి ఆ తర్వాత చూడొచ్చు. మీ హోస్టింగ్ ప్యానెల్‌లో క్రాన్ ఇస్తున్నారో లేదో, 504 పేజీ కింద ఏ సర్వర్ పేరు కనిపిస్తోందో రాస్తే వర్కర్ ఎలా లేపాలో మీ సెటప్‌కి తగ్గట్టు చెప్తాను.